సంతాప సభకు అద్దె లేదు

ఫిబ్రవరి 2

మావయ్యా,

మోకాలు ఎలా ఉందని అడిగితే మోకాలి సంగతి తప్ప అన్నీ రాస్తావు. అందుకే ఈసారి అడగడం లేదు. పని మీద రాస్తున్నాను.

ఆఫీసులో నా బల్ల సంగతి నీకు తెలుసు కదా. నగరానికి ఉన్న పదకొండు హాళ్లు ఎవరికి ఏ రోజు ఇవ్వాలో రాసిపెట్టే బల్ల. పోయిన సోమవారం ఒకావిడ వచ్చి దాని ముందు నిలబడింది. చేతులు మోచేతుల దాకా ఉడికినట్టు ఎర్రగా ఉన్నాయి. నగర ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేస్తుందట. అక్కడ అందరూ ఇస్త్రీ అక్క అంటారు.

లాండ్రీలో అరవై రెండు మంది ఆడవాళ్లున్నారు. ఆసుపత్రి నగరానిది, లాండ్రీ మాత్రం కాంట్రాక్టరుది. ఆ కాంట్రాక్టు మార్చి ఆఖరుతో అయిపోతుంది. కొత్తవాడు ఎవడొచ్చినా వీళ్లందరినీ ఇంటికి పంపి, తక్కువ కూలికి కొత్తవాళ్లను పెట్టుకుంటాడని భయం. పోయినసారి అదే జరిగిందట. అందుకని కొత్త కాంట్రాక్టులో రెండు మాటలు రాయించాలని వాళ్ల ఆశ. ఒకటి, పాతవాళ్లను తీసేయకూడదు. రెండు, సంఘంలో చేరితే అడ్డుపడకూడదు. అడగాలంటే ముందు సంఘం ఉండాలి. సంఘం పెట్టాలంటే అందరూ ఒకచోట కూర్చోవాలి. లాండ్రీ గేటు దగ్గర నలుగురు నిలబడితే చాలు, వాచ్‌మన్ వచ్చి "ఇంట్లో పనుల్లేవా" అంటాడట. పార్కులో కూర్చుంటే అక్కడి గార్డు అదే అంటాడట.

నేను ఫారం తీశాను. హాలు దేనికి అన్నచోట ఆరే ఉన్నాయి. పెళ్లి, నిశ్చితార్థం, పుట్టినరోజు, ప్రదర్శన, సంగీత కచేరి, సంతాప సభ. మా సూపర్నెంటు గారిని అడిగితే, "ఫారంలో లేనిది లోకంలో లేదమ్మా" అని మళ్లీ పేపరు చదువుకున్నారు.

ఇలాంటివి నువ్వు చాలా చూశావు. ఏం చేయాలో చెప్పు. తిట్లు కాస్త తగ్గించి చెప్పు.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 6

అమ్మడూ,

ఉప్పు తగ్గించమని డాక్టరు, తిట్లు తగ్గించమని నువ్వు. ఇక నేను బతికి రుచి చూసేదేమిటి?

ఆ ఫారానికి అక్షరాలు పేర్చింది నేనే. నగర ముద్రణాలయంలో ఇరవై ఆరేళ్లు నిలబడి సీసపు అక్షరాలు ఏరినవాణ్ణి. పైనుంచి వచ్చిన చిత్తుప్రతిలో ఏడు ఉన్నాయి. ఏడోది "కార్మికుల సభ". ప్రూఫు వెళ్లి తిరిగొచ్చేసరికి దాని మీద ఎర్రగీత పడింది. ఇదేమిటని అడిగితే పేజీలో పట్టడం లేదన్నారు. సంగీత కచేరి మాత్రం పట్టింది. మీ సూపర్నెంటుకు చెప్పు, లోకంలో ఉన్నదాన్ని ఫారంలోంచి తీసేసిన రోజు నాకు ఇంకా గుర్తుందని.

నగరం చేతిలో ఏముంది, చట్టాలు చేసేది పెద్ద సభలు కదా అని ఎవరైనా అంటే నమ్మకు. అలా రాసిన పుస్తకాలు నేనూ చదివాను, కొన్నింటిని అచ్చు కూడా వేశాను. దుప్పట్లు ఉతికించేది నగరం. చెత్త ఎత్తించేది, వీధి దీపాలు వేయించేది నగరం. పని చేయించుకునేవాడు షరతు పెట్టొచ్చు. దుప్పటి మీద మరక ఉండకూడదని కాంట్రాక్టులో రాసిన చేతికి, దాన్ని ఉతికిన మనిషిని ఊరికే వెళ్లగొట్టకూడదని రాయడానికి నొప్పేమిటి? మాట్లాడుకోవడానికి హాలు ఇవ్వొచ్చు. పనిచోట గోడకు సంఘం నోటీసులు అంటించే పలక ఒకటి కొట్టించొచ్చు. ఫిర్యాదు తీసుకునే మనిషిని ఒకణ్ణి కూర్చోబెట్టొచ్చు. దీనికి మహా జ్ఞానం అక్కర్లేదు, వెన్నెముక ఉంటే చాలు.

కాని రాయరు. ఎందుకంటే మీ కాంట్రాక్టుల కమిటీకి ఇప్పుడు అధ్యక్షుడు ఎవడు? తేనెసీసా. నేను అక్షరాలు పేర్చే రోజుల్లో వాడు పక్క గదిలో అచ్చు యంత్రం నడిపేవాడు. మాట అంత తియ్యగా ఉండేది కాబట్టి మేమే ఆ పేరు పెట్టాం. ముప్పై ఏళ్ల కిందట పంతొమ్మిది రోజులు పని ఆపాం. ఇరవయ్యో రోజు పొద్దున వెళ్లేసరికి యంత్రం తిరుగుతోంది. రాజీపత్రం మీద వాడు సంతకం పెట్టేశాడు. పదకొండు మందిమి బయటపడ్డాం. వాడు ఒక్కొక్క మెట్టే ఎక్కి కౌన్సిలరయ్యాడు. నేను ఊరు మారి, ఈ పుస్తకాల బైండింగు కొట్టు మీది గదిలో పరాయివాళ్ల తప్పులు దిద్దుకుంటూ ముసలివాణ్ణయ్యాను.

సరే, నీకు హాలు కావాలి, అంతేగా? సంతాప సభ అని రాయి. దానికి అద్దె లేదు. మధ్యలో వచ్చి ఎవడూ లేపడు. ఎవరు పోయారంటారా? నా పేరు రాసెయ్. ఆ ఊరి లెక్కలో నేను పోయి ముప్పై ఏళ్లయింది. కాగితం నింపడమే మిగిలింది.

ఇట్లు, దిద్దుబాటు లేని
మీ మావయ్య


ఫిబ్రవరి 11

మావయ్యా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇరవై మూడో తేదీ ఆదివారం పొద్దున, రెండో నంబరు హాలు.

పోయినవారి పేరు, వృత్తి, బంధుత్వం అన్నీ రాశాను. సూపర్నెంటు గారు అది చూసి లేచి నిలబడ్డారు. ఏడాదిగా ఒక్క పూట సెలవివ్వని మనిషి, రెండు రోజులు ఇంటి దగ్గర ఉండమన్నారు. వెళ్లకపోతే బాగుండదని వెళ్లాను. రెండు రోజులూ నీకే స్వెటరు అల్లాను.

వచ్చిన చిక్కు చెబుతాను. ఏ హాల్లో ఏముందో ఆఫీసు గేటుకు జాబితా అంటిస్తారు. అది నాకు తట్టలేదు. నిన్న నీ తేనెసీసా కర్ర ఊపుకుంటూ నా బల్ల దగ్గరికే వచ్చాడు.

"ఎప్పుడు పోయాడమ్మా?" అన్నాడు.

"ఈమధ్యేనండీ."

"దేంతో?"

"మోకాలితోనండీ" అన్నాను.

"మోకాలితో పోతారా తల్లీ ఎవరైనా?"

"మా మావయ్యది మొండి మోకాలండీ."

నా మొహంలోకి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "మొండివాడే. అధ్యక్షత నేనే వహిస్తాను. వాడి గురించి నాకన్నా తెలిసినవాడు లేడు" అన్నాడు. నేను వద్దనేలోపు కర్ర చప్పుడు మెట్ల దాకా వెళ్లిపోయింది.

ఆయనే వచ్చి ముందు కూర్చుంటే లాండ్రీ వాళ్లు సంఘం మాట ఎత్తేదెలా? రద్దు చేసేయనా? మళ్లీ హాలు ఖాళీ అయ్యేది ఏప్రిల్లోనే. అప్పటికి అంతా అయిపోతుంది.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 15

ఓసి పిచ్చిదానా,

నేను వెటకారంగా రాసింది నువ్వు ఆజ్ఞలా పాటించావా? మీ అమ్మ కూడా ఇంతే. చిన్నప్పుడు "పోయి నూతిలో దూకు" అన్నానని నిజంగా నూతి గట్టు దాకా వెళ్లి, లోతెంతని వెనక్కి వచ్చి అడిగింది.

మీ నగర గ్రంథాలయం నుంచి నాకో ఉత్తరం వచ్చింది. ముప్పై ఏళ్లుగా వాళ్ల దగ్గర పోస్టులో పుస్తకాలు తెప్పించుకుంటున్నాను కదా. కవరు మీద "వారసులకు" అని ఉంది. ఒక వాక్యం సానుభూతి, నాలుగు వాక్యాలు పుస్తకం తిరిగి పంపడం గురించి. ఇంకా నలభై పేజీలున్నాయి, చచ్చినా పంపను. వారసుల తరఫున నేనే జవాబు రాశాను, మృతుడి ఆఖరి కోరిక ఆ పుస్తకం పూర్తి చేయడమని. కింద కొట్టులో బైండరు అది విని జిగురు డబ్బా తన్నేసుకున్నాడు. అప్పటి నుంచి నన్ను "స్వర్గీయులు గారూ, టీ తాగుతారా" అంటున్నాడు.

సభ రద్దు చేయకు. వాణ్ణి రానీ. ముప్పై ఏళ్లుగా ఎదురుచూస్తున్నాను, వాణ్ణి పదిమంది ముందు కూర్చోబెట్టి నిజం వినిపించడానికి. దీంతో పాటు రెండో కవరు పెట్టాను. అంటించి ఉంది. ఆరు పేజీలు. ఇరవయ్యో రోజు పొద్దున ఏం జరిగిందో, ఎవరెవరు రోడ్డున పడ్డారో, సంతకం ఎవడిదో అన్నీ ఉన్నాయి. వాడు మాట్లాడి కూర్చోగానే నువ్వు లేచి "ఇది మా మావయ్య రాసింది" అని చదువు. మధ్యలో ఆపకు. వాడి మొహం ఎలా మారిందో తర్వాత నాకు వివరంగా రాయి, పేజీలకు లోభించకు.

లాండ్రీ వాళ్ల సంగతి వాడు లేచి వెళ్లాక చూసుకోవచ్చు. అది విన్నాక వాడు ఎక్కువసేపు కూర్చోడు.

ఆత్రంగా,
కీర్తిశేషుడు


ఫిబ్రవరి 24

మావయ్యా,

సభ జరిగింది. కోపం తెచ్చుకుంటావు. వరసగా చెబుతాను, చివరిదాకా చదువు.

అరవై రెండు మందీ వచ్చారు. ఆసుపత్రికి ఆదివారం దుప్పట్లు అందవని పాపం కాంట్రాక్టరు గేటు దగ్గర నిలబడి అడిగితే, "చావుకి వెళ్తున్నాం" అన్నారట, ఇక నోరెత్తలేదు. గ్రంథాలయం నుంచి ఒకాయన వచ్చి హాలంతా పుస్తకం కోసం వెతికాడు. నా దగ్గర నీ ఫొటో ఒక్కటే ఉంది, పెళ్లిలో ఎవరితోనో పోట్లాడుతున్నది. దానికే పూలు పెట్టాం.

తేనెసీసా నలభై నిమిషాలు మాట్లాడాడు. నీ అంత చదువుకున్న కార్మికుణ్ణి చూడలేదన్నాడు. చేతివేళ్లతో తడిమి అక్షరం తలకిందులుగా ఉందో లేదో చెప్పేవాడివన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నువ్వు బతికే ఉన్నావని గుర్తు చేసుకోవాల్సి వచ్చింది. తర్వాత ఆ పంతొమ్మిది రోజుల మాట ఎత్తాడు. పిల్లలు పస్తులుండకూడదని, తన పేరు పోయినా పర్లేదని, రాజీపత్రం మీద మొదటి సంతకం నువ్వే పెట్టావన్నాడు. అంత పెద్ద మనసు ఎవరికుంటుందన్నాడు.

నా చేయి సంచిలో నీ కవరు మీదే ఉంది. అప్పుడు ఇస్త్రీ అక్క లేచింది. "అయ్యా, పోయినాయన మా గురించి ఒక ముక్క రాశారంట. ఈ అమ్మ దగ్గర ఉంది" అంది. కవరు వదిలేసి నీ మొదటి ఉత్తరం తీశాను. దుప్పటి మీద మరక గురించి నువ్వు రాసిన పేరా చదివాను. వెన్నెముక దాకా చదివి ఆపేశాను.

"వాడి ఆఖరి మాటా ఇది?" అన్నాడు తేనెసీసా.

"ఈమధ్య రాసిందండీ." అబద్ధం చెప్పలేదు మావయ్యా.

ఆయన కర్ర ఆనించుకుని లేచి, మార్చి పద్నాలుగున కౌన్సిల్లో ఆ రెండు షరతులూ తనే పెడతానన్నాడు. తీర్మానం నీ పేరు మీద ఉంటుందట. "తన సంతకంతో శాంతి నెలకొల్పిన కీర్తిశేషులు" అని మొదలవుతుందట.

ఆయన వెళ్లాక తలుపులేసుకుని సంఘం పెట్టుకున్నారు. యాభై ఎనిమిది మంది చేరారు. నలుగురు ఇంట్లో అడిగి చెబుతామన్నారు. అక్కే కార్యదర్శి. నీ రెండో కవరు తెరవలేదు, సంచిలో అలాగే ఉంది.

తిట్టు.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 28

మేనకోడలా,

సంతకం నేను పెట్టానా?

ఆ రోజు వాడు నా చేతిలో కూడా కలం పెట్టాడు. విసిరి కొట్టాను, గోడకు సిరా పడింది. ఆ మరక నేను ఆ ఊరు వదిలే దాకా అలాగే ఉంది. మీ అత్తయ్య ఆ తర్వాత ఎనిమిదేళ్లు ట్యూషన్లు చెప్పి ఇల్లు నడిపింది. "ఒక్క సంతకమేగా, పెట్టి ఉంటే పోయేది" అని ఒక్కరోజు కూడా అనలేదు. పోయేముందు కూడా అనలేదు. నాకు పొలం లేదు, ఇల్లు లేదు, వెంట్రుకలు కూడా లేవు. పెట్టని సంతకం ఒక్కటే ఉంది. దాన్ని కూడా వాడు తీసుకుని, తన సంతకాన్ని నా మెడలో దండలా వేశాడు. నువ్వేమో పక్కన నిలబడి కళ్లు తుడుచుకున్నావు.

మార్చి పద్నాలుగు పొద్దున బస్సుకు వస్తున్నాను. కౌన్సిల్లో జనం కూర్చునే మెట్ల మీద కూర్చుంటాను. వాడు తీర్మానం చదవడానికి లేవగానే నేనూ లేస్తాను. ఎవరు పోయారో, ఎవరు సంతకం పెట్టారో అక్కడే తేలుతుంది. నా కవరు తెచ్చి ఇవ్వు. నువ్వు చదవనిది నేనే చదువుతాను.

బతికే ఉన్న
మీ మావయ్య


మార్చి 4

మావయ్యా,

రా. గది సర్దుతాను. నిన్ను రావద్దనే నోరు నాకు లేదు. కవరు నీ చేతికే ఇస్తాను.

ఇక్కడి పరిస్థితి మాత్రం తెలుసుకుని రా. కమిటీలో షరతులు ఒక్క ఓటుతో గట్టెక్కాయి. కాంట్రాక్టర్ల స్నేహితులు నలుగురు ఎదురు తిరిగారు. ఐదోవాడు కూడా వాళ్లవాడే. "పోయినవాడి పేరు మీద వచ్చింది, కాదంటే మా ఇంట్లో అన్నం పెట్టరు" అని చెయ్యెత్తాడట.

నేను అక్కకు నిజం చెప్పేశాను. నువ్వు బతికే ఉన్నావంటే ముందు నమ్మలేదు. తర్వాత మెట్ల మీద కూర్చుని నవ్వి నవ్వి దగ్గింది. కౌన్సిల్‌కు వస్తున్నావని చెప్పాక నవ్వు ఆపింది. ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నాను. "మా మేస్త్రీ అప్పుడే ఇద్దర్ని నీళ్లలో నిలబడి ఉతికే తడి గదిలోకి మార్చాడు, సంఘం వదిలేస్తే మళ్లీ తెస్తానంటున్నాడు. అయినా ఇంట్లో అడుగుతామన్న ఆ నలుగురూ చేరిపోయారు. ఇప్పుడు అందరం ఉన్నాం. మీ మావయ్య వస్తే ఈ షరతు పడిపోద్ది, మాకు తెలుసు. రావద్దని చెప్పకమ్మా. మేం కూడా ఒకళ్ల పేరు తీసి ఇంకొకళ్ల పని నిలబెట్టుకోమని ఎవర్నీ అడగలేం. ఆయన పేరు ఆయనది."

అంతే చెప్పి, మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్లిపోయింది.

నీ మేనకోడలు


ఏప్రిల్ 2

మావయ్యా,

నెల దాటింది నువ్వు రాసి. పోయినవాళ్లు ఉత్తరాలు రాయరు అంటావని తెలుసు.

పద్నాలుగున నేను మెట్ల వైపే చూస్తూ కూర్చున్నాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా సగం లేచాను. తేనెసీసా కూడా లేచి, తీర్మానం కాగితం పట్టుకుని, చాలాసేపు మెట్ల వైపే చూశాడు. ఎందుకో నాకు తెలియలేదు. తర్వాత చదివాడు. ఇరవై ఒక్క మంది అవునన్నారు, పదహారు మంది కాదన్నారు. నీ పేరు చెప్పినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. అక్క మాత్రం మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని కింద కూర్చుండిపోయింది.

నిన్న కొత్త కాంట్రాక్టరు వచ్చాడు. చేతిలో తన మనుషుల జాబితా ఉంది. అక్క నగరం కాగితం చూపించింది. పొద్దున ఎనిమిదింటికి అరవై రెండు మందీ లోపలికి వెళ్లారు. తడి గదిలోకి మార్చిన ఇద్దరూ వాళ్ల పాత చోటికి వచ్చేశారు.

నువ్వెందుకు రాలేదు? మోకాలా?

నీ మేనకోడలు


ఏప్రిల్ 7

అమ్మడూ,

మోకాలు కాదు. నా మంచితనం అంతకన్నా కాదు, అలా ఎవరికీ చెప్పకు.

పదమూడు సాయంత్రం చొక్కా ఇస్త్రీ చేసుకుందామని కూర్చున్నాను. ముప్పై ఏళ్ల తర్వాత ఆ సభలోకి వెళ్తున్నాను, నలిగిన చొక్కాతో వెళ్లకూడదనుకున్నాను. ఒక్క చొక్కాకు చెయ్యి రెండుచోట్ల కాల్చుకున్నాను. కాలర్ దగ్గరికి వచ్చేసరికి నడుం పట్టేసింది. మీ ఇస్త్రీ అక్క రోజుకు ఎన్ని దుప్పట్లు చేస్తుందని లెక్క వేయబోయి, ఆ లెక్క మధ్యలో ఇస్త్రీపెట్టె ఆపేశాను. ఆవిడ రావద్దని ఉంటే వచ్చేవాణ్ణి. నా పేరు నాదని వదిలేసింది. అలా వదిలేస్తే ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అసలు సంగతి వేరే ఉంది. నిన్న మధ్యాహ్నం మెట్ల మీద కర్ర చప్పుడైంది. తలుపు తీస్తే తేనెసీసా. కింద బైండరు "స్వర్గీయులు గారు పైనే ఉన్నారండీ" అని దారి చూపించాడట.

"ఆరోగ్యం బాగున్నట్టుందే" అన్నాడు, కుర్చీ లాక్కుని.

"నీకెప్పుడు తెలిసింది?"

"నీ మేనకోడలు మోకాలన్నప్పుడే. ఆ పిల్లకు అబద్ధం రాదు."

"తెలిసి అంత ఏడ్చావా?"

"నువ్వు బతికుండగా నిన్ను పొగిడే వీలు ఇంకెప్పుడు వస్తుందిరా? పొగిడితే కొడతావు. పైగా బతికున్నవాడి మాట విన్నానంటే మావాళ్లు నన్ను పీకేస్తారు. పోయినవాడి మాటంటే నోరు మూసుకుంటారు. నాకూ ఒక శవం కావాల్సి వచ్చింది."

"సంతకం సంగతేమిటి? అదెందుకు నా మెడకు చుట్టావు?"

"నువ్వు లేచి వస్తావనుకున్నాను. వస్తే, వీడికి కూడా ఆ లాండ్రీ వాళ్లకన్నా తన పేరే ముఖ్యం, నాకూ వీడికీ తేడా లేదు అనుకుని కొంచెం నిద్రపోయేవాణ్ణి. ఆ రోజు మెట్ల వైపే చూస్తూ నిలబడ్డాను. రాలేదు. ఇప్పుడు అది కూడా లేకుండా చేశావు."

వాడితో పోట్లాడడానికి ముప్పై ఏళ్లుగా సిద్ధం చేసుకున్న మాటలు ఉన్నాయి. ఒక్కటీ ఆ చోట సరిపోలేదు. టీ పెట్టాను. చక్కెర వేయబోతే వద్దన్నాడు. తేనెసీసాకు చక్కెర జబ్బు, చూశావా.

"నిజం ఎప్పుడు చెబుతావు?" అన్నాను.

"ఇప్పుడు చెబితే ఆ షరతు మీద రేపే కోర్టుకు పోతారు. నువ్వు నిజంగా పోయినప్పుడు చెబుతాను. సంతాప సభలో, మైకు పట్టుకుని. సంతకం నాది, పెట్టనివాడు వాడు అని."

"మాటేనా?"

"రాసిస్తానులే" అని, నా కలమే తీసుకుని, నా కాగితం మీదే రాసి సంతకం పెట్టాడు. తప్పుల్లేవు. కాని ఆ కాగితం నాకు ఇవ్వలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తనే చదవాలట, ఇంకెవరు చదివినా లెక్కలోకి రాదట. వాడి మాట నమ్మడానికి ఏ కారణమూ లేదు. అయినా మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకుని దింపాను, మూడో మెట్టు కదులుతుంది.

వాడు వెళ్లాకే తట్టింది. వాడు నాకన్నా రెండేళ్లు పెద్ద. కళ్లు మసక, కాళ్లకు వాపు, మాట మధ్యలో ఆయాసం. నాకు మోకాలు తప్ప ఏమీ లేదు. ఈ వరస చూస్తే వాడే ముందు పోతాడు, నేను పెట్టని సంతకం వాడి జేబులోనే పోతుంది.

కాబట్టి నువ్వు ఒక పని చేయాలి. వాడికి మందులు ఎవరిస్తున్నారో, వేళకు వేసుకుంటున్నాడో లేదో కనుక్కో. కోడలు పట్టించుకుంటుందా? ఆఫీసుకు వచ్చినప్పుడు లిఫ్టు ఎక్కమను, మెట్లు వద్దను. ఎవరైనా మిఠాయి పెట్టె తెస్తే వాడి ముందు తెరవనీయకు. నాకు అల్లిన స్వెటరు వాడికివ్వు, ఛాతీకి చలి తగలకూడదు. వారానికొకసారి వాడి ఒంట్లో ఎలా ఉందో నాకు రాయి. వివరంగా రాయి, పేజీలకు లోభించకు.

వాడి క్షేమం కోరే
మీ మావయ్య